రాబోయే గేమ్స్ ఎంత నిజంలా ఉంటాయి? గ్రాఫిక్స్ కాదు, మిగతావాటి సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇంకో పదేళ్ళకి గేమ్స్ అచ్చం నిజంలా అయిపోతాయా, అంటే సిటీలో కనిపించే ప్రతి బిల్డింగ్‌లోకీ వెళ్ళగలమా, రోడ్డు మీద ప్రతి మనిషితో మాట్లాడగలమా, గోడని కొడితే నిజంగా పగులుతుందా. రెండోది, బీటెక్ అయ్యాక ఈ లైన్‌లోకి రావాలంటే ఏది నేర్చుకుంటే పనికొస్తుంది అని. నేను బెంగళూరులో గేమ్ స్టూడియోల్లో చాలా ఏళ్ళుగా టెక్నికల్ ఆర్టిస్ట్‌గా చేస్తున్నా, ఆర్టిస్టులు చేసిన మోడల్ (వస్తువు త్రీడీ బొమ్మ) ఇంజిన్‌లో, అంటే గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, తడబడకుండా నడిచేలా చూసే పని నాది. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తా. కంటికి కనిపించే బొమ్మ వరకూ మనం దాదాపు ఒడ్డుకి చేరాం. మిగిలింది ఏంటంటే మనం ఏదైనా చేస్తే ఆ లోకం బదులివ్వడం. తాకితే కదలాలి, తిడితే గుర్తుపెట్టుకోవాలి, నిన్న చేసిన పని ఇవాళ కనిపించాలి. నేను ఎదురుచూసేది దీని కోసమే, డబ్బు ఎక్కువ పెట్టాల్సింది కూడా ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

వెలుతురు సంగతి త్వరగా చెప్పేస్తా. 2018లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులు వచ్చేదాకా గేమ్‌లో ప్రతిబింబాలు చాలావరకు కిటుకులే. స్క్రీన్ మీద అప్పటికే ఉన్న బొమ్మనే తిరగేసి నీళ్ళలో చూపించేవాళ్ళు, అందుకే కెమెరా కొంచెం కిందికి దించి బిల్డింగ్ స్క్రీన్ బయటికి పోతే నీళ్ళలో కూడా మాయమైపోయేది. ఇప్పటికీ చాలా గేమ్స్‌లో అంతే, కావాలంటే ఈసారి గమనించండి. రే ట్రేసింగ్‌లో అయితే కాంతి ఎటు నుంచి వచ్చి దేని మీద పడి ఎటు పోతుందో నిజంగానే లెక్క వేస్తారు. 2023 ఏప్రిల్‌లో సైబర్‌పంక్ 2077కి ఓవర్‌డ్రైవ్ అని పాత్ ట్రేసింగ్ మోడ్ (సీన్‌లో వెలుతురు దాదాపు అంతా ఇలాగే లెక్కేసేది) ఇచ్చారు, అందులో రాత్రిపూట తడిసిన రోడ్డు మీద నియాన్ లైట్లు పడే తీరు చూస్తే వాన వెలిశాక మన బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్రేక్ లైట్ల ఎరుపు తారు మీద పరుచుకున్నట్టే ఉంటుంది, నిజంగా అంత బాగుంటుంది. కానీ సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, కావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.6 మిల్లీసెకన్లు. అందులోనే వెలుతురు, ఫిజిక్స్, యానిమేషన్, గేమ్‌లో మనుషుల బుర్ర, సౌండ్ అన్నీ సర్దుకోవాలి. అందుకే చిన్న సైజులో గీసి ఏఐతో పెద్దది చేయడం, మధ్యలో ఫ్రేములు పుట్టించడం మొదలైంది, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 కార్డులు అసలు ఫ్రేము ఒకటి గీసి ఇంకో మూడు దాకా పుట్టిస్తాయి. చూపుకి స్మూత్‌గా ఉంటుంది గానీ మీరు బటన్ నొక్కాక గేమ్ స్పందించే వేగం మాత్రం దానివల్ల పెరగదు. కార్డు కొనేటప్పుడు ఈ తేడా తెలుసుకుని కొనండి, బాక్స్ మీద రాసిన ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) నంబర్ చూసి కాదు.

గోడలు, రాళ్ళు, చెట్ల బెరడు లాంటివి ఎలా అంత నిజంగా వస్తున్నాయో కూడా చెప్తా, ఎందుకంటే కొత్తవాళ్ళు చాలామంది దీన్ని ఎవరో కూర్చుని గీస్తారనుకుంటారు. బసవనగుడి వైపు పాత ఇళ్ళ రాతి గోడ ఒకటి కావాలనుకోండి. మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్తాం, ఎండలో తీస్తే నీడ ఫోటోలోనే అతుక్కుపోతుంది, తర్వాత గేమ్‌లో సూర్యుణ్ణి ఇంకో పక్క పెడితే ఒకే గోడ మీద రెండు నీడలు కనిపిస్తాయి. ఆ లెక్కన జూన్, జూలైలో బెంగళూరు వాతావరణం ఈ పనికి భలే కుదురుతుంది. రంగుల చెక్కల కార్డు ఒకటి గోడకి ఆనించి మొదటి షాట్ తీస్తాం, దాన్ని బట్టి తర్వాత అసలు రంగు సరిచేసుకోవచ్చు. లెన్స్‌కి పోలరైజర్ తగిలించి మెరుపు తగ్గించుకుంటాం. తర్వాత అడుగు అడుగు జరుగుతూ, ముందు ఫోటోలో ఉన్నదే ముప్పావు వంతు తర్వాతి ఫోటోలో కూడా పడేలా వందల ఫోటోలు. సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ పోల్చి చూసి కోట్ల చిన్న త్రిభుజాలు అతికి త్రీడీ గోడ కట్టేస్తుంది. ఇదివరకు గేమ్ మోయగలిగేలా దాన్ని కొన్ని వేల త్రిభుజాలకి దించడానికే మా తల ప్రాణం తోకకొచ్చేది. 2022లో విడుదలైన అన్‌రియల్ ఇంజిన్ 5లో నానైట్ ఉంది, కెమెరాకి ఎంత డీటెయిల్ కనిపిస్తుందో అంతే తీసుకుని గీస్తుంది, కాబట్టి కదలని వస్తువుల విషయంలో ఆ గోల చాలా తగ్గింది. కదిలేవాటి దగ్గర తగ్గలేదు, దాని గురించి కింద చెప్తా.

ఇప్పుడు ప్రతి బిల్డింగ్‌లోకీ వెళ్ళడం. ఇది టెక్నాలజీ అడ్డుపడి ఆగింది కాదు. ఓపెన్ వరల్డ్ గేమ్స్ (ఎటైనా తిరగనిచ్చేవి) సిటీల్లో చాలా బిల్డింగులు పైన పటారం లోన లొటారమే, కిటికీలో నుంచి సోఫా, దీపం, బీరువా కనిపిస్తాయి, అవి అక్కడ లేవు. ఇంటీరియర్ మ్యాపింగ్ అని ఒక షేడర్ (పైభాగం కంటికి ఎలా కనిపించాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్) కిటుకు ఉంది, అద్దం మీదే లోతు ఉన్నట్టు గదిని గీస్తుంది, 2018 స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో గోడలు పాకుతూ దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తుంది. గది కట్టడం పెద్ద కష్టమేం కాదు, ప్రొసీజరల్‌గా, అంటే రూల్స్ రాసిచ్చి కంప్యూటర్ చేతే, లక్ష గదులు కట్టేయొచ్చు. కానీ మీరు లోపలికెళ్ళాక అక్కడ చేయడానికి ఏముంది? అక్కడ ఉండేది ఎవరు, మీరు తలుపు తోసుకుని వస్తే వాళ్ళేం అంటారు, పోలీసుల్ని పిలుస్తారా, మంచం కిందకి దూరతారా? అది లేకుండా లక్ష గదులు తెరిచినా మూడో గది దగ్గరే బోర్ కొడుతుంది. అందుకే నాకు సిటీ పెద్దదైపోవాలని లేదు. మన మారతహళ్ళిలో ఒక్క వీధి చాలు, కింద ఆంధ్రా మెస్సు, పక్కన మొబైల్ రిపేర్ షాపు, పైన మూడు అంతస్తుల పీజీ, అందులో ప్రతి తలుపూ తెరుచుకోవాలి, ప్రతి తలుపు వెనకా ఒక మనిషి తన పనిలో తను ఉండాలి. అలాంటి గేమ్ ఎవరైనా చేస్తే మొదటి రోజే కొంటా.

గోడ పగలడం గురించి అడిగారు కదా. ఇది పాత కోరికే. 2004లో హాఫ్‌లైఫ్ 2లో గ్రావిటీ గన్‌తో కుర్చీలు, రంపపు చక్రాలు విసిరినప్పుడే ఇంక ముందుముందు అన్నీ ఇలాగే ఉంటాయనుకున్నాం, 2009లో రెడ్ ఫ్యాక్షన్ గెరిల్లాలో బిల్డింగులు స్తంభం స్తంభం కూల్చాం, ఆ తర్వాత పెద్ద గేమ్స్ చాలావరకు వెనక్కి తగ్గాయి. కారణం, గోడ పగిలిందంటే దాని మీద ముందే లెక్కేసి పెట్టుకున్న వెలుతురు తప్పైపోతుంది, శత్రువులు నడిచే దారి మ్యాప్ తప్పైపోతుంది, కథ ప్రకారం మీరు తాళంచెవి వెతుక్కుని రావాల్సిన గదిలోకి గోడ పగలగొట్టుకుని వచ్చేస్తారు. ఇప్పుడు వెలుతురు అప్పటికప్పుడే లెక్కేస్తున్నారు కాబట్టి మొదటి అడ్డు పోయింది. 2022లో టియర్‌డౌన్ ఒక చిన్న టీమ్ చేసిన గేమ్, ప్రతిదీ వాక్సెల్స్‌తో (చిన్న చిన్న ఘనాలతో) కట్టారు, ఏదైనా పగలగొట్టొచ్చు. 2023 చివర్లో వచ్చిన ది ఫైనల్స్‌లో పగలడం లెక్క సర్వర్ మీద జరుగుతుంది, అందుకే ఆన్‌లైన్ మ్యాచ్‌లో అందరికీ గోడ ఒకేలా కూలుతుంది. దారి కనపడింది, ఇంక ఆగదు అనిపిస్తోంది.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. నిజంలా అనిపించడానికీ ఫోటోలా కనిపించడానికీ సంబంధం చాలా తక్కువ. 2017లో వచ్చిన జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ కార్టూన్ బొమ్మలా ఉంటుంది. కానీ గడ్డికి నిప్పంటిస్తే మంట పాకుతుంది, మంట వేడికి గాలి పైకి లేస్తుంది, ఆ గాలిలో పారాగ్లైడర్ వేసుకుని ఎగరొచ్చు, ఉరుములో ఇనప కత్తి పట్టుకుంటే పిడుగు పడుతుంది, వానలో రాయి ఎక్కబోతే జారిపోతాం. ఫోటోలా ఉండి ఇవేం చేయని గేమ్ కంటే నాకు ఇదే ఎక్కువ నిజం. అలాగే 2018లో కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్‌లో బట్టలు మురికిగానో నెత్తురు మరకలతోనో ఉంటే ఎదుటివాళ్ళు మిమ్మల్ని చూసే తీరు మారిపోతుంది, స్నానం చేసి వస్తే మర్యాదగా మాట్లాడతారు. దీనికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఎంత మురికో చెప్పే ఒక నంబరూ, దాన్ని పట్టించుకునే రచయితా చాలు.

ఇప్పుడు కదిలే వస్తువుల దగ్గరికి వద్దాం, నా పని ఎక్కువ ఇక్కడే. ఇప్పటిదాకా ఏ పెద్ద గేమ్‌లోనైనా చీర కట్టుకున్న మనిషి సరిగ్గా నడవడం చూశారా? నేను చూడలేదు. ఎందుకంటే అయిదున్నర మీటర్ల గుడ్డ, నడుం దగ్గర అరడజను కుచ్చిళ్ళు ఒకదానిమీద ఒకటి, కింద లంగా, పైన భుజం మీదుగా కొంగు, ఇవన్నీ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. గుడ్డ ఒంటిని తాకడం లెక్కేయడం ఒక ఎత్తు, గుడ్డ తనని తాను తాకడం ఇంకో ఎత్తు, మొత్తం బట్టలకి కలిపి మాకిచ్చేది ఒకటి రెండు మిల్లీసెకన్లు. కాబట్టి ఏం చేస్తామంటే కుచ్చిళ్ళని లోపల ఎముకలు (కంటికి కనపడని కడ్డీల లాంటివి) పెట్టి కాళ్ళతో పాటు కదిలేలా కట్టేస్తాం, కొంగు ఒక్కదాన్నే సిమ్యులేషన్‌కి, అంటే కదలికని అప్పటికప్పుడు లెక్కేయడానికి, వదుల్తాం. నిలబడితే బ్రహ్మాండంగా ఉంటుంది. మెట్లెక్కగానే మోకాలు కుచ్చిళ్ళలోంచి బయటికి పొడుచుకొస్తుంది, కుర్చీలో కూర్చుంటే గుడ్డ అట్టముక్కలా బిర్రబిగిసి తొడల మీద నిలబడుతుంది. మా అమ్మ నడిచేటప్పుడు కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని మెట్టెక్కుతుంది చూడండి, ఆ ఒక్క పని గేమ్‌లో రావాలంటే చెయ్యి గుడ్డని పట్టుకోవాలి, గుడ్డ వేళ్ళ మధ్య నలగాలి, మిగతాది వేలాడాలి. అది ఇంకా రాలేదు.

వస్తుందని మాత్రం నాకు గట్టి ఆశ ఉంది. ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ డిఫార్మర్ అని అన్‌రియల్‌లోనే ఉంది, ముందు రాత్రంతా కంప్యూటర్ పెట్టి అసలైన సిమ్యులేషన్ వేల భంగిమలకి నడిపిస్తారు, దాన్ని చూసి ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ నేర్చుకుంటుంది, గేమ్ ఆడేటప్పుడు అది లెక్కేయకుండానే దాదాపు అదే ఆకారం ఇచ్చేస్తుంది. కండరాలకి, ఒంటికి అతుక్కునే బట్టలకి బాగా పనిచేస్తోంది. వదులుగా వేలాడే గుడ్డకి కష్టం, ఎందుకంటే అక్కడ ఇప్పటి భంగిమ ఒక్కటే సరిపోదు, అర సెకను కిందట ఎటు ఊగిందో కూడా తెలియాలి. ఇంకో విషయం, ఇలాంటి పనికి డేటా మనమే తయారుచేయాలి. చీర, పంచె, దుపట్టా ఎలా ఊగుతాయో బయటి స్టూడియోలకి అవసరం పడలేదు కాబట్టి వాళ్ళు చేయలేదు, అందులో వాళ్ళ తప్పేం లేదు. మనవాళ్ళే కూర్చుని చేయాలి.

చేత్తో అన్నం తినడం కూడా ఇంతే. పప్పు అన్నంలో కలపడం, ముద్ద చేయడం, వేళ్ళకి అంటుకోవడం. 2020లో హాఫ్‌లైఫ్ అలిక్స్‌లో వస్తువు ఆకారాన్ని బట్టి వేళ్ళు దానంతట అవే ముడుచుకుంటాయి, సీసాలో మందు కూడా ఊగుతుంది, ఆ ఊగేది ద్రవం లెక్క కాదు, షేడర్ కిటుకు. గట్టి వస్తువు దాకా వచ్చాం, మెత్తగా విడిపోయే వస్తువు చేతిలో పడితే ఇంకా మొదటి మెట్టే.

మనుషుల బుర్ర సంగతికి వస్తా, మీరు ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీనిమీదే అనిపించింది. 2005లో ఫియర్ అనే గేమ్ వచ్చింది, అందులో శత్రువుల తెలివి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రతి సైనికుడికీ ఒక లక్ష్యం, కొన్ని పనులు ఇచ్చి, ఏ వరసలో చేయాలో వాడే ప్లాన్ వేసుకునేలా రాశారు. కానీ వాళ్ళు నిజంగా ఒకరితో ఒకరు మాట్లాడుకుని దాడి చేస్తున్నట్టు మనకి అనిపించడానికి కారణం వాళ్ళ అరుపులు. ఒకడు వెనక నుంచి రమ్మని అరుస్తాడు, ఇంకొకడు అటు కదుల్తాడు, మనం రెండూ కలిపేసుకుంటాం. 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో ఒకణ్ణి చంపితే పక్కవాడు వాడి పేరు పెట్టి ఏడుస్తాడు. పేరు వినగానే మనకి చెయ్యి ఆగుతుంది. దీంట్లో ఏఐ చాలా తక్కువ, మనిషి మనసు తెలిసిన పని చాలా ఎక్కువ.

ఇప్పుడు చాట్‌బాట్ లాంటి ఏఐని గేమ్ మనుషుల్లో పెడితే? 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 25 మంది ఏఐ మనుషులతో చిన్న ఊరు కట్టారు, ఒకరికి వాలెంటైన్స్ డే పార్టీ పెట్టాలనే కోరిక మాత్రం ఇచ్చి వదిలేస్తే, ఆ కబురు ఊళ్ళో ఒకరి నోట ఒకరికి పాకి కొందరు టైముకి పార్టీకి వచ్చారు. నాకు చాలా సంతోషం వేసిన రీసెర్చ్ అది. అదే గేమ్‌లో పెడితే ఇబ్బందులు వేరే. 2025 మేలో ఫోర్ట్‌నైట్‌లో మాట్లాడే డార్త్ వేడర్‌ని పెట్టారు, కొన్ని గంటల్లోనే జనం వాడితో బూతులు అనిపించారు, వెంటనే సరిచేయాల్సి వచ్చింది. రాసిపెట్టిన డైలాగ్ అయితే టెస్టింగ్ టీమ్ ప్రతి లైనూ వింటుంది, అప్పటికప్పుడు పుట్టే మాటని ఎవరు వినగలరు? గొంతు ఇచ్చే నటుల బాధ కూడా న్యాయమైనదే, అమెరికాలో 2024 జూలై నుంచి దాదాపు ఏడాది సమ్మె చేసింది ప్రధానంగా ఏఐ గురించే. ఎవరి గొంతు వాడినా వాళ్ళ ఒప్పుకోలు, వాళ్ళ డబ్బు వాళ్ళకి చేరాలి, దీంట్లో రెండో మాట లేదు.

నిజానికి గేమ్ మనిషి నాతో ఏ విషయమైనా మాట్లాడాలని నాకు లేదు, నన్ను గుర్తుపెట్టుకుంటే చాలు. 2014లో షాడో ఆఫ్ మోర్డోర్‌లో మీ చేతిలో తప్పించుకున్న శత్రువు మొహం మీద గాటుతో తిరిగొచ్చి పాత పగ గుర్తుచేస్తాడు. ఆ నెమెసిస్ సిస్టమ్‌కి వార్నర్ బ్రదర్స్ 2021లో పేటెంట్ తీసుకుంది, అది 2036 దాకా ఉంటుంది, ఆ గేమ్ చేసిన మోనోలిత్ స్టూడియోని 2025లో మూసేశారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. మంచి ఆలోచన ఒకటి బీరువాలో పడి ఉంది, వాడేవాళ్ళు లేరు, వేరేవాళ్ళు దగ్గరికి పోవాలంటే లాయర్ని అడగాలి.

ట్రాఫిక్ గురించి ఒక ముక్క, బెంగళూరులో ఉండి ఇది చెప్పకపోతే ఎలా. గేమ్స్‌లో బళ్ళు మామూలుగా ముందే గీసిన గీత మీద పోతాయి, లేన్ మధ్యలో ఒక దారం ఉన్నట్టు. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర సాయంత్రం అలాంటి దారం ఎక్కడుంది? ఆటో సగం లేన్‌లోకి ముక్కు పెడుతుంది, బైకులు ఖాళీలోంచి జారిపోయి ముందుకొచ్చి చేరతాయి, బస్సు హారన్ కొడితే అందరూ ఒక జానెడు పక్కకి జరుగుతారు. ఇది చేయాలంటే ప్రతి బండీ అడ్డంగా ఎక్కడుందో, పక్కన ఎంత ఖాళీ ఉందో, పక్కవాడు తగ్గే రకమా కాదా అని క్షణక్షణం చూసుకోవాలి. లెక్కకి సాధ్యమే, ఎవరూ అంత శ్రద్ధగా కూర్చుని చేయలేదు అంతే. మన సిటీల్లో గేమ్ పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఇది సాధించాలి, లేకపోతే ఎంత బాగా స్కాన్ చేసిన రోడ్డైనా మనది అనిపించదు.

గూగుల్ జీనీ 3 లాంటివి చూసి ఇంక ఇంజిన్లే అక్కర్లేదా అంటున్నారు కొందరు. 2025 ఆగస్టులో చూపించారు, మాట చెప్తే లోకం పుట్టి 720పీలో, సెకనుకి 24 ఫ్రేములతో కొన్ని నిమిషాలు నిలబడుతుంది. అంతకుముందు 2024లో ఒయాసిస్ అని మైన్‌క్రాఫ్ట్ లాంటిది వచ్చింది, అందులో తల తిప్పి మళ్ళీ చూస్తే కొండ ఉన్నచోట ఇంకేదో ఉండేది, ఆ లెక్కన ముందుకెళ్ళారు. అయినా నాలుగు రోజుల కిందట నేను దాచిన వస్తువు అక్కడే ఉండాలి, దెబ్బ తగిలితే ప్రతిసారీ ఒకే రూల్ ఉండాలి. అది వచ్చేదాకా ఇవి సీన్ ఐడియాలు చూసుకోవడానికి బాగుంటాయి.

ఇంక డబ్బు. 2023లో అమెరికా కోర్టు కేసులో బయటపడ్డ సోనీ కాగితాల ప్రకారం ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2కి సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చయింది. పని బెంగళూరు దాకా రావడానికి ఒక కారణం ఇదే. ఇక్కడ ధ్రువ ఇంటరాక్టివ్ 1997లోనే మొదలైంది, 2019లో రాక్‌స్టార్ కొనుక్కుంది. పెద్ద గేమ్స్‌లో మీరు చూసే కార్లు, తుపాకులు, బిల్డింగుల్లో మనవాళ్ళ చేతి పని ఎంతో ఉంది. ఇంతకాలం మనం ఎక్కువగా వేరేవాళ్ళ లోకానికి సామాన్లు చేసి ఇచ్చాం. 2020లో పుణె టీమ్ ఒకటి ‘రాజీ’ అనే గేమ్ చేసింది, మన కథ, మన కోటలు, చిన్న టీమ్. అలాంటివి తెలుగు వాళ్ళ నుంచి కూడా రావాలి, అందులో చిత్తూరు మనిషి చిత్తూరు యాసలో, నల్గొండ మనిషి నల్గొండ యాసలో మాట్లాడాలి, అందరూ న్యూస్ రీడర్లలా కాదు.

మీ రెండో ప్రశ్నకి నేరుగా చెప్తా. వస్తువులు మోడల్ చేయడం ఒక్కటే నేర్చుకుని రావద్దు, ఆ పని స్కానింగ్‌తో, ఏఐతో తగ్గుతూ పోతుంది. యానిమేషన్ సిస్టమ్స్, బట్టల సిమ్యులేషన్, గేమ్‌ప్లే ఏఐ, ఈ మూడింట్లో ఏదో ఒకటి పట్టుకోండి. లీనియర్ ఆల్జీబ్రా మళ్ళీ ఒకసారి తిరగేయండి, సీ ప్లస్ ప్లస్‌కి భయపడకండి. అన్‌రియల్ నేర్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద సిటీ మొదలుపెట్టకుండా ఒక్క టీ కొట్టు చేయండి. ఒక బల్ల, నాలుగు గాజు గ్లాసులు, ఒక టీ మాస్టర్. గ్లాసు కిందపడితే పగలాలి, పగిలిన ముక్కలు రేపటిదాకా అక్కడే ఉండాలి లేదా ఆయన ఊడ్చాలి, డబ్బులివ్వకుండా వెళ్ళిపోతే మర్నాడు ఆయన మొహం వేరేలా ఉండాలి. అది కుదిరితే ఇంటర్వ్యూలో మీ రెజ్యూమె కంటే ముందు దాన్నే చూపించండి, నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు అదే చూస్తా. గాజు ముక్కలు నేలలోంచి జారిపోవడం దగ్గర చాలామంది ఇరుక్కుంటారు, వేగంగా కదిలే చిన్న వస్తువులకి కంటిన్యువస్ కొలిజన్ (రెండు ఫ్రేముల మధ్యలో కూడా తగిలిందో లేదో చూసే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి, అప్పటికీ కుదరకపోతే మీ సెట్టింగ్స్ పెట్టి అడగండి, చూసి చెప్తా.